లాట్ లోయ సైకిల్ మార్గాలు

లాట్ లోయ సైకిల్ మార్గాలు అనగా ఫ్రాన్సు దేశపు నైఋతి భాగములో లాట్ నది, దాని ఉపనది సెలెల వెంబడి సాగే చిన్న రహదారులు. వీటిలో అధిక భాగము సైకిళ్ళ కొరకు ప్రత్యేకముగా నిర్మించినవి కావు. కార్లు, లారీలు తక్కువగా తిరుగుట వలన సైకిలు యాత్రికులకు అనుకూలముగా మారిన సాధారణ తారు రోడ్లే ఇవి. ఈ లోయలో రవాణా మొదట పడవలపై, తరువాత రైలుపై, ఆ తరువాత పెద్ద రహదారిపై సాగినది. ఒక్కొక్క సాధనము వెనుకబడినప్పుడల్లా ఒక నిర్జనమైన దారి మిగిలినది. నేడు యాత్రికులు కోరి వచ్చే ప్రశాంతత చాలా వరకు ఆ క్షీణత ఫలితమే.

నది, లోయ

లాట్ నది సెవెన్ పర్వతాలలోని లోజేర్ ప్రాంతములో పుట్టి, పడమరగా దాదాపు 480 కి.మీ. ప్రవహించి, ఎగ్యుయోన్ పట్టణము వద్ద గరోన్ నదిలో కలుస్తుంది. దీని మధ్య భాగము సున్నపురాతి పీఠభూమిని లోతుగా కోసుకొని పారుతుంది. ఈ పీఠభూమిని స్థానికులు 'కోస్' అంటారు. నది పాము వలె మెలికలు తిరుగుతుంది. కావొర్ పట్టణము అటువంటి ఒక మెలిక లోపల, మూడు వైపులా నీటితో చుట్టబడి ఉన్నది. లుజెక్ వద్ద మెలిక దాదాపు పూర్తి వలయము. అక్కడ నది రెండు పాయల మధ్య భూమి సుమారు 200 మీటర్ల వెడల్పు మాత్రమే.

సైకిలు తొక్కేవారికి ఈ భూస్వరూపము ముఖ్యమైనది. నది ఒడ్డున సాగినంత వరకు దారి దాదాపు సమతలముగా ఉంటుంది. సెలె లోయ మీదుగా కావొర్ నుండి ఫిజాక్ చేరుటకు 70 కి.మీ.కు పైగా ప్రయాణించినా, రెండు పట్టణాల ఎత్తులలో తేడా సుమారు వంద మీటర్లే. లోయను విడిచి పీఠభూమిపైకి వెళ్ళదలచిన వారు మాత్రము కొద్ది కిలోమీటర్లలోనే 200 మీటర్ల వరకు ఎక్కవలసి ఉంటుంది.

దారులు ఖాళీ అయిన తీరు

రైళ్ళు రాక పూర్వము ఈ లోయకు నదియే రాజమార్గము. అడుగు చదునుగా ఉండే పడవలు కావొర్ ద్రాక్షసారాయిని, ఎగువ అడవుల కలపను బోర్డో రేవుకు చేర్చేవి. 19వ శతాబ్దములో నదిపై లాకులు కట్టారు. పడవలను ఒడ్డు నుండి త్రాళ్ళతో లాగుటకు బాటలు వేశారు. బూజియెస్ గ్రామము వద్ద కొండ నేరుగా నీటిలోకి దిగుట వలన 1840 దశకములో ఆ రాతినే తొలిచి బాట చేశారు. ఇది నేటికీ చూడవచ్చును. అయితే ఇది నడిచేవారి దారి, సన్నటి చక్రాల సైకిలుకు తగినది కాదు.

రైలు రాకతో పడవల పని తగ్గిపోయినది. 1926లో లాట్ నదిని నౌకాయాన మార్గాల జాబితా నుండి తొలగించారు. కావొర్, కప్దెనాక్ పట్టణాలను కలుపుతూ నది వెంట వేసిన రైలు మార్గము 1886లో ప్రారంభమైనది. దానిపై ప్రయాణికుల రైళ్ళు 1980లో ఆగిపోయినవి.

ఇదే కాలములో జనము కూడా తగ్గినది. 1870 దశకములో ఫిలాక్సెరా అనే పురుగు ద్రాక్ష తోటలను నాశనము చేయగా ఎన్నో కుటుంబాలు ఊళ్ళు విడిచి వెళ్ళినవి. లాట్ డిపార్టుమెంటు (మన జిల్లా వంటి పాలనా విభాగము) జనాభా 1851లో దాదాపు 2,96,000 ఉండగా, 1968 నాటికి సుమారు 1,51,000కు పడిపోయినది. తరువాత కొంత పెరిగి నేడు 1,75,000 ప్రాంతములో ఉన్నది. జనసాంద్రత చ.కి.మీ.కు 35 మంది లోపే.

చివరి మార్పు రోడ్లది. పారిస్ నుండి తులూజ్ వెళ్ళే పాత జాతీయ రహదారి ఎన్20 కావొర్ గుండా పోయేది. దానికి సమాంతరముగా ఎ20 మోటారు మార్గము పూర్తి అయిన పిమ్మట దూరప్రాంతపు వాహనాలు అటు మళ్ళినవి. పాత రహదారి డిపార్టుమెంటుకు బదిలీ అయి డి820గా మారినది. ఫ్రాన్సులో రోడ్డు సంఖ్యకు ముందున్న అక్షరము దాని స్థాయిని తెలుపుతుంది: 'ఎ' మోటారు మార్గము, 'ఎన్' జాతీయ రహదారి, 'డి' డిపార్టుమెంటు రహదారి. దేశములోని పది లక్షల కి.మీ.కు పైబడిన రోడ్లలో 'డి' రోడ్లు సుమారు 3,80,000 కి.మీ. గ్రామాల అధీనములోని రోడ్లు ఇంకా ఎక్కువ. సైకిలు యాత్రికుల ఫ్రాన్సు అంటే ప్రధానముగా ఈ రెండు రకాల రోడ్లే.

సెలె లోయ

ఈ ప్రాంతములో అన్నిటికంటె ప్రశాంతమైన దారిగా సెలె లోయలోని డి41ను చెప్పవచ్చును. కావొర్ నుండి తూర్పుగా వేర్ గ్రామము వరకు డి653పై, అక్కడి నుండి నది కుడి ఒడ్డున డి662పై వెళ్ళగా, బూజియెస్ సమీపములో సెలె వచ్చి లాట్‌లో కలుస్తుంది. డి41 అక్కడ మొదలై ఫిజాక్ వైపు సాగుతుంది. ఒక వైపు నది, పొగాకు మొక్కజొన్న వేసే సన్నని పొలాలు. మరొక వైపు తల మీదికి వంగిన సున్నపురాతి కొండ. కబ్రెరె గ్రామము వద్ద కొన్ని ఇళ్ళ కప్పులకు పైన కొండయే మరొక కప్పు వలె నిలిచి ఉన్నది.

కబ్రెరె పైన ఉన్న పెష్ మెర్ల్ గుహలోని చిత్రాలను 1922లో ఆంద్రె డావీద్, ఆంరీ ద్యుతేర్త్ర్ అనే ఇద్దరు బాలురు కనుగొన్నారు. చుక్కల గుర్రాల చిత్రము ఇక్కడిదే. చిత్రాలను కాపాడుటకై రోజువారీ సందర్శకుల సంఖ్యను పరిమితము చేశారు కనుక, వేసవిలో ముందుగా టికెట్టు తీసుకోని వారు ఆ నిటారు రోడ్డు ఎక్కి వట్టి చేతులతో దిగిరావలసి వస్తుంది.

ఆ పైన మర్సియాక్ గ్రామములో శిథిలమైన మఠము, తరువాత ఎస్పన్యాక్ వస్తాయి. దారి చివరనున్న ఫిజాక్, ఈజిప్టు చిత్రలిపిని చదివిన షాంపోలియోఁ 1790లో జన్మించిన ఊరు. అక్కడి ఒక ముంగిలిలో రోసెట్టా శిలకు బహు పెద్ద ప్రతిరూపమును నేలపై పరచియున్నారు.

లాట్ లోయలోనే తూర్పుగా కొనసాగితే సాఁ సిర్ లపోపీ, కజార్క్ వస్తాయి. నదికి సుమారు వంద మీటర్ల ఎత్తున కొండ అంచుపై ఉన్న సాఁ సిర్‌లో కవి ఆంద్రె బ్రెతోఁ వేసవులు గడిపెను. ఈ గ్రామమును చూచుటకు జూలై, ఆగస్టు నెలలలో కార్లు బారులు తీరుతాయి. ప్రశాంతత కోరేవారు ఆ నెలలలో డి662పై ఉదయము తొమ్మిది లోపే సాగిపోవుట మేలు.

దిగువ లోయ

కావొర్ దిగువన లోయ వెడల్పై ద్రాక్ష తోటలు పరచుకుంటాయి. 1956 నాటి మంచుకు దెబ్బతిన్న ఈ తోటలు తిరిగి కోలుకొని, 1971లో కావొర్ ద్రాక్షసారాయికి ప్రాంతీయ నామధేయ హక్కు లభించినది. ఎగ్యుయోన్ నుండి కావొర్ వరకు సుమారు 160 కి.మీ. మేర 'వి86' అనే సంఖ్యతో గుర్తింపు పొందిన సైకిలు మార్గము ఉన్నది. ఇది కూడా ప్రధానముగా చిన్న రోడ్ల వెంబడి పోవునదే. విల్నవ్ వైపు వెళ్ళే లారీలు డి911పై ఉండుట వలన, డ్వెల్, లుజెక్, అల్బా గ్రామాల గుండా పోయే డి8 సైకిళ్ళకు మిగిలినది.

గుర్తింపు, నియమాలు

ఫ్రాన్సు ప్రభుత్వము 1998లో దేశవ్యాప్త సైకిలు మార్గాల ప్రణాళికను ఆమోదించినది. ఇందులో రెండు తెగలున్నవి. 'వెలోరూట్' అనగా సైకిలు యాత్రకు తగినదని సూచికలు పెట్టిన దారి. ఇందులో మోటారు వాహనాలు తిరిగే రోడ్లు కూడా ఉండవచ్చును. 'వ్వా వెర్త్' అనగా పచ్చబాట, మోటారు వాహనాలకు ప్రవేశము లేనిది. దీనికి 2004లో రహదారి నియమావళిలో స్థానము కల్పించారు. ఈ తేడా తెలియక 'సైకిలు మార్గము' అను మాట నమ్మి చిన్న పిల్లలతో వచ్చినవారు ఎదురుగా ట్రాక్టరు చూచి కంగారు పడుట సహజమే.

ఊరి వెలుపల సైకిలును దాటి వెళ్ళే వాహనము కనీసము 1.5 మీటర్ల ఎడము ఇవ్వవలెను. 2018 జూలై 1 నుండి మధ్య విభాగిని లేని రెండు వరుసల రోడ్లపై గరిష్ఠ వేగమును గంటకు 90 కి.మీ. నుండి 80కి తగ్గించారు. గ్రామీణ ప్రాంతాలలో దీనిపై తీవ్ర నిరసన వ్యక్తమైనది. కారు లేనిదే వైద్యుని వద్దకైనా వెళ్ళలేని పల్లెవారికి అది రాజధాని విధించిన శిక్షగా తోచినది. 2019 చివరి చట్టముతో తమ రోడ్లపై 90 వేగమును పునరుద్ధరించుకొనే అధికారము డిపార్టుమెంట్లకు లభించినది. 12 ఏళ్ళ లోపు పిల్లలకు 2017 నుండి సైకిలుపై హెల్మెటు తప్పనిసరి.

దారి ఎంచుకొనుటకు మిషెలిన్ పటాలు చాలా కాలముగా వాడుకలో ఉన్నవి. వీటిలో పెద్ద రోడ్లు ఎరుపు, తరువాతివి పసుపు, చిన్నవి తెలుపు. సుందరమైన దారి పక్కన ఆకుపచ్చ గీత ఉంటుంది. బాణపు ములికి వంటి గుర్తు ఎక్కుడును సూచిస్తుంది: ఒకటి ఉంటే 5 నుండి 9 శాతము, రెండుంటే 13 వరకు, మూడుంటే అంతకు మించిన వాలు. ములికి చూపేది ఎక్కే దిశను.

పాత రైలు మార్గముపై వివాదము

1980 తరువాత కావొర్-కప్దెనాక్ పట్టాలపై కొంతకాలము పర్యాటకుల రైలు నడిచినది. అదీ 2003లో ఆగిపోయినది. పట్టాలు తీసి పచ్చబాట వేయాలని ఒక పక్షము, రైలును తిరిగి నడపాలని మరొక పక్షము వాదించినవి. పచ్చబాట కోరేవారు కుటుంబాలు భయము లేకుండా తిరుగగల దారి లోయకు లేదని చూపుతారు. పట్టాలు ఒకసారి తీస్తే రైలు మళ్ళీ రాదని, కారు లేని వృద్ధులకు సైకిలు బాట ప్రత్యామ్నాయము కాదని రెండవ పక్షము అంటుంది. సొరంగాలను, నదిపై వంతెనలను భద్రపరచుట ఏ పద్ధతిలోనైనా ఖర్చుతో కూడినదే.

ప్రయాణ సౌకర్యాలు

కావొర్ స్టేషను పారిస్-తులూజ్ రైలు మార్గముపై ఉన్నది. ప్రాంతీయ రైళ్ళలో స్థలమును బట్టి సైకిళ్ళను ఎక్కించుకొంటారు. మే, జూన్, సెప్టెంబరు నెలలు యాత్రకు అనువైనవి. శీతకాలములో నది పొంగి ఒడ్డు దారులు మునుగుట కలదు. చిన్న గ్రామాలలో అంగళ్ళు, కాఫీ హోటళ్ళు చాలా వరకు మూతబడినవి. ఉన్నవి కూడా మధ్యాహ్నము, ఆదివారము సాయంత్రము, సోమవారము మూసి ఉండుట సాధారణము. అందుచేత రొట్టె, నీరు పట్టణములోనే తీసుకొని బయలుదేరుతారు. నీటికి అక్కరకు వచ్చే మరొక చోటు శ్మశానము. ఫ్రాన్సు గ్రామాలలో సమాధులపై పూలమొక్కలకు పోయుటకు అక్కడ తరచు కుళాయి ఉంటుంది. 'త్రాగరాదు' అను పలక లేనిచో యాత్రికులు సీసాలు నింపుకొంటారు.