నెలకడపటి శనివారము



మాది సికింద్రాబాదులోని లాలాగూడ. నిజాం గ్యారంటీడు స్టేటు రైల్వేవారు 1893లో అచ్చట నెలకొల్పిన కార్ఖానాను నమ్ముకొని పెరిగిన పేట యది. పల్లె విడిచి అచ్చటికి వచ్చిన మా పెద్దలకు, చేసిన పనికి నెల జీతము చేత పడుటయే గొప్ప గౌరవముగ నుండెను. కూలిలేని పని యన్నచో వారికి వెట్టి జ్ఞప్తికి వచ్చెడిది. అట్టి యింట పుట్టిన నేను పరదేశమున ఒక యుదయము కూలిలేని పని చేసితిని. ఆ సంగతిని, దాని వెనుకనున్న చరిత్రను మీకు మనవి చేసెదను.

ఆఫ్రికాఖండమున రువాండా యను చిన్న దేశము కలదు. దాని రాజధాని కిగాలి. ప్రతి నెల కడపటి శనివారమున ఆ దేశమంతట ‘ఉముగాండ’ జరుగును. ఒక కార్యమునకై అందఱు కూడివచ్చుట యని యా మాటకు తాత్పర్యము. ఇరుగుపొరుగువారు కలిసి నిస్సహాయులకు ఇల్లు కట్టియిచ్చుట, పొలము సాగుచేసి పెట్టుట పూర్వపు టాచారము. ఇప్పుడు 18 మొదలు 65 ఏండ్ల లోపు శక్తిగలవారందఱు ఉదయము 8 గంటలనుండి 11 గంటలవరకు బాట బాగుచేయుట, కాలువ త్రవ్వుట, మొక్కలు నాటుట మున్నగు పనులు చేయవలెను. అతిథులును చేరవచ్చును. నా చేతికిని ఒక పార వచ్చినది. నా ప్రక్కనున్నవాడు ఉద్యోగియో, సేద్యగాడో పోల్చుకొనలేకపోతిని. అందఱి కాళ్లకును ఒకటే బురద. పని ముగిసిన పిదప అందఱు ఒకచోట చేరి తమ పేట మంచిచెడ్డలు మాటాడుకొనిరి.

అంతలో ఒక మాట తెలిసినది. రానివారికి జరిమానా కలదట! నా మనస్సు కలుక్కుమన్నది. కూలి యియ్యక బలవంతముగా చేయించు పనికి మన దేశమున వెట్టి యని కదా పేరు?

ఆ వెట్టి యెట్టిదో మీకు నేను చెప్పనక్కరలేదు. నిజాం రాజ్యమున దొరల గడీలలో చాకిరి, అధికారుల మూటలు మోయుట, పొలముపని, ఏ కులమువా రేది చేయవలెనో ముందే నిర్ణయమై యుండెను. 1921లో పుట్టిన ఆంధ్రజనసంఘము దానిపై ఆందోళన సలిపినది. 1946 మొదలు 1951 వఱకు జరిగిన రైతాంగ పోరాటమునకు వెట్టియు ఒక ముఖ్యకారణము.

రువాండా ప్రజలకును ఇట్టి చరిత్రయే కలదు. అచ్చట దానిని ‘ఉబురేత్వ’ యనిరి. 19వ శతాబ్ది చివర రాజుల కాలమున అది బలపడి, బెల్జియము పాలనలో ఇంకను బరువెక్కినది. ఆ భారము ప్రధానముగా హుటూ సేద్యగాండ్రపై పడినది. 1974లో ఉముగాండను ప్రభుత్వమే విధిగా చేసినది. 1994లో టుట్సీలను ఊచకోత కోసిన దినములలో, జనమును పోగుచేయు ఆ యలవాటే హంతకులకు అక్కఱకు వచ్చినది. పిమ్మట 1998లో, చితికిన దేశమును తిరిగి కట్టుకొనుటకై దానిని మరల నిలిపిరి. 2007లో శాసనము చేసిరి. ఆచార మొక్కటియే, ఆజ్ఞాపించువాని బుద్ధిని బట్టి అది మేలును కీడును గూడ చేసినది.

మన రాజ్యాంగము 1950లో అమలునకు వచ్చినది. అందు 23వ అధికరణము వెట్టిని నిషేధించినది. అయినను ప్రజోపయోగమునకై ప్రభుత్వము నిర్బంధసేవ విధింపవచ్చుననియు, అట్లు విధించునపుడు కేవలము మతము, జాతి, కులము, వర్గము అను వానిని బట్టి భేదము చూపరాదనియు అందే యున్నది. ఇది చదివిన పిదప నా సందేహము కొంత తీరినది. కూలి లేనంత మాత్రమున ప్రతి పనియు వెట్టి కాదు. కొందఱు మోయగా కొందఱు కూర్చుండి చూచునది వెట్టి. ఫలము ఒకరి గడీకి పోవునది వెట్టి. కాదనుటకు నోరు లేనిది వెట్టి. జరిమానా మాట మాత్రము నాకిప్పటికిని రుచింపదు.

మన యూళ్లలో చెఱువు పూడిక తీయుటకో, బడి ఆవరణము బాగుచేయుటకో శ్రమదానమని పిలుపు వచ్చుచుండును. పూర్వము వెట్టి చేసిన కుటుంబములవారు అప్పుడు వెనుకాడినచో వారిని సోమరులని నిందింపకుడు. ఆ మూటల బరువు వారి తాతలు మోసినది. ఏ పని ముందు చేయవలెనో వారినికూడ అడిగి నిర్ణయింపుడు. మొదటి తట్ట పెద్దలగు మీరే యెత్తుడు. తరువాత వారు రాకుందురా, చూడుడు.