ఠాగూర్–నొగుచి లేఖలు (1938)

చైనా మీద జపాన్ సాగించిన యుద్ధం గురించి రవీంద్రనాథ్ ఠాగూర్, జపాన్ కవి యోనె నొగుచి 1938 జూలై–అక్టోబర్ మధ్య రాసుకున్న నాలుగు ఉత్తరాలకు ఈ పేరు వచ్చింది. చెరి రెండు రాశారు. నాలుగూ ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఆసియా భవిష్యత్తు గురించి ఇద్దరు ఆసియా కవులు తగువు పడాలన్నా పడమటి భాషే దిక్కయింది.

స్నేహం

నొగుచి (1875–1947) 1893లో కాలిఫోర్నియా చేరి, ఇంగ్లీషులో కవిత్వం రాసి పేరు తెచ్చుకున్నారు. స్వదేశానికి తిరిగొచ్చాక టోక్యోలోని కెయో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేశారు. 1914లో ఆక్స్‌ఫర్డ్ వెళ్లి జపాన్ కవిత్వం మీద ప్రసంగించారు. ఠాగూర్ 1916లో మొదటిసారి జపాన్ వెళ్లినప్పుడు వీరికి పరిచయమైంది. ఆ పర్యటనలోనే ఠాగూర్ జాతీయవాదాన్ని తూర్పారబట్టారు. యూరప్ దగ్గర తుపాకీ విద్య ఒక్కటే నేర్చుకోవద్దని జపాన్‌ను హెచ్చరించారు. మొదట బ్రహ్మరథం పట్టినవాళ్లే ఆ మాటలతో ముఖం చాటేశారు. 1938 నాటి తగువుకు విత్తనం అక్కడే పడింది.

1935–36లో నొగుచి భారతదేశంలో పర్యటించారు. కలకత్తా విశ్వవిద్యాలయంలో ఉపన్యాసాలిచ్చారు, శాంతినికేతన్‌లో ఠాగూర్ ఆతిథ్యం అందుకున్నారు. ఆ ప్రయాణం మీద రాసిన కవితలు ‘ది గాంజెస్ కాల్స్ మి’ పేరుతో 1938లోనే పుస్తకంగా వచ్చాయి.

యుద్ధం

1937 ఏప్రిల్ 14న శాంతినికేతన్‌లో చైనా అధ్యయన కేంద్రమైన చీనా భవనం ప్రారంభమైంది. మూడు నెలలైనా గడవకముందే, జూలై 7న, బీజింగ్ దగ్గరి మార్కో పోలో వంతెన వద్ద జపాన్, చైనా సేనలు తలపడ్డాయి. డిసెంబరులో నాన్‌జింగ్ పతనమై, అక్కడ మారణకాండ జరిగింది. జపాన్ సైనికులు బుద్ధాలయానికి వెళ్లి విజయం కోసం మొక్కుకున్నారన్న వార్త చదివి ఠాగూర్ ‘బుద్ధభక్తి’ అనే కవిత రాశారు.

ఉత్తరాలు

నొగుచి మొదటి ఉత్తరాన్ని 1938 జూలై 23న టోక్యో నుంచి రాశారు. చైనా ప్రజలతో తమకు వైరం లేదని, తమ పోరు చియాంగ్ కైషేక్ ప్రభుత్వంతోనేనని ఆయన వాదన. యుద్ధం ఘోరమే అయినా కొత్త ఆసియాను నిలబెట్టడానికి తప్పదన్నారు. ఆసియా ఆసియావాసులదే అన్న నినాదాన్ని ముందుపెట్టారు. పడమటి పెత్తనాన్ని అన్నేళ్లుగా ఎండగట్టిన ఠాగూర్ తమ పక్షానే నిలుస్తారని ఆశించినట్టుంది. ఆ ఆశ మరీ అసంబద్ధమేమీ కాదు. 1905లో రష్యాను ఓడించిన నాటి నుంచి జపాన్ పేరు చెబితే పొంగిపోయిన భారతీయులు ఎందరో.

సెప్టెంబర్ 1న ఠాగూర్ ఇచ్చిన జవాబులో కోపం కన్నా నొప్పి ఎక్కువ. నొగుచి రచనల్లో, స్నేహంలో తాను చూసిన జపాన్‌కూ ఈ ఉత్తరానికీ పొంతన లేదన్నారు. పుర్రెల గోపురం మీద లేపే ఆసియా తనకు అక్కర్లేదని తెగేసి చెప్పారు. ఆయన అసలు ఫిర్యాదు సైన్యం మీద కాదు, దానికి వంతపాడే కవులు, ఆలోచనాపరుల మీద. యుద్ధోన్మాదం ముదిరిన రోజుల్లోనూ పడమటి దేశాల్లో ఎదురు చెప్పిన గొంతులున్నాయని గుర్తుచేశారు. నాలుగింటిలోకీ బలమైన ఉత్తరం ఇదే.

అక్టోబర్‌లో నొగుచి రెండో ఉత్తరం రాశారు. మొదటి దానిలోని ఆదర్శాల పూత ఇందులో పలచబడింది. చైనావాళ్లు అబద్ధపు ప్రచారంలో ఘనులని, జపాన్‌వాళ్లు నిజాయితీపరులు గనుక నోరు మెదపరని నిష్ఠూరమాడారు. మంచి పనిని మించిన ప్రచారం లేదని ఠాగూర్ బదులిచ్చారు. బాంబులు పడి నిలువ నీడ కోల్పోయినవాళ్లకే ముందు నచ్చజెప్పమని, వాళ్లు ఒప్పుకుంటే తమను ఒప్పించే పనే ఉండదని అన్నారు. చివర జపాన్ ప్రజల మీద తన ప్రేమను చెబుతూనే, వాళ్లు గెలవాలని కాక పశ్చాత్తాపపడాలని కోరుకున్నారు. ఇంత కటువుగా రాసినా మిత్రమా అన్న పిలుపు మాత్రం వదల్లేదు.

తర్వాత

ఉత్తరాలు విశ్వభారతి త్రైమాసిక పత్రికలో వెలువడ్డాయి. ‘పోయెట్ టు పోయెట్’ పేరుతో చిన్న పుస్తకంగానూ వచ్చాయి. నొగుచి అభిప్రాయం మారలేదు. ఆ తర్వాతా యుద్ధాన్ని కీర్తిస్తూ కవిత్వం రాశారు.

ఠాగూర్ 1941 ఆగస్టు 7న, పెర్ల్ హార్బర్ దాడికి నాలుగు నెలల ముందు కన్నుమూశారు. ఆసియా కోసమని నొగుచి సమర్థించిన యుద్ధం తెలుగు తీరానికీ వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. 1945 నాటి వైమానిక దాడుల్లో టోక్యోలోని నొగుచి ఇల్లు కాలిపోయింది. రెండేళ్లకు ఆయన మరణించారు. నేడు చాలామందికి ఆయన శిల్పి ఇసాము నొగుచి తండ్రిగానే తెలుసు. అమెరికాలో ఉన్న ఆ కొడుకు 1942లో, జపాన్ మూలాలున్నవారిని నిర్బంధించిన అరిజోనాలోని పోస్టన్ శిబిరంలోకి తనంతట తానే వెళ్లి కొన్ని నెలలు గడిపాడు.