టోనీ హల్మన్

ఆంటన్ "టోనీ" హల్మన్ జూనియర్ (ఫిబ్రవరి 11, 1901 - అక్టోబరు 27, 1977) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ప్రముఖ వ్యాపారవేత్త, మోటారు పందేల నిర్వాహకుడు. ఇండియానా రాష్ట్రంలోని ఇండియానాపోలిస్ మోటార్ స్పీడ్‌వే అనే కార్ల పందేల మైదానానికి 1945 నుండి మరణించేవరకు ఇతడు యజమాని. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో శిథిలమైన ఈ మైదానాన్ని కొని పునరుద్ధరించి, అక్కడ జరిగే "ఇండియానాపోలిస్ 500" పందేన్ని ప్రపంచ ప్రసిద్ధి పొందిన క్రీడోత్సవంగా నిలబెట్టాడు.

బాల్యం, విద్య

హల్మన్ ఇండియానా రాష్ట్రంలోని టెర్రె హోట్ పట్టణంలో జన్మించాడు. వీరి కుటుంబానికి ఆ పట్టణంలో తరతరాలుగా టోకు కిరాణా వ్యాపారం ఉండేది. హల్మన్ యేల్ విశ్వవిద్యాలయంలో చదివి 1924లో పట్టభద్రుడయ్యాడు. విద్యార్థి దశలో పోల్‌వాల్ట్ వంటి క్రీడలలో రాణించాడు. చదువు ముగిసిన తరువాత కుటుంబ సంస్థ అయిన హల్మన్ అండ్ కంపెనీలో చేరాడు. ఆ సంస్థ తయారుచేసే క్లాబర్ గర్ల్ అనే బేకింగ్ పౌడరును 1930లలో విస్తృత ప్రచారం ద్వారా దేశమంతటా అమ్ముడయ్యే సరుకుగా మార్చాడు. ఈ వ్యాపారంలో వచ్చిన ధనమే తరువాత మైదానం కొనుగోలుకు ఆధారమయింది.

మైదానం కొనుగోలు

1909లో నిర్మించిన ఈ మైదానంలోని పందెపు బాట పొడవు 2.5 మైళ్ళు (సుమారు 4 కిలోమీటర్లు). దానిపై 32 లక్షల ఇటుకలు పరచారు. మొదటి 500 మైళ్ళ పందెం 1911లో జరిగింది. 1927లో దీనిని మొదటి ప్రపంచ యుద్ధపు వైమానిక వీరుడు ఎడ్డీ రికెన్‌బాకర్ కొన్నాడు. యుద్ధం కారణంగా 1942 నుండి 1945 వరకు పందేలు జరగలేదు. ఆ నాలుగేళ్ళలో మైదానమంతా కలుపుమొక్కలు పెరిగి, ప్రేక్షకుల మెట్లు పాడైపోయాయి. ఆ స్థలం ఇళ్ళ స్థలాలుగా మారిపోతుందన్న భయం కూడా పందేల అభిమానులలో ఉండేది.

మూడుసార్లు (1937, 1939, 1940) ఈ పందెం గెలిచిన విల్బర్ షా యుద్ధం చివరి రోజులలో ఒక టైరు పరీక్ష కోసం అక్కడకు వచ్చి, ఆ దుస్థితిని చూసి, మైదానాన్ని కాపాడగల కొనుగోలుదారు కోసం వెదికాడు. ముందుకు వచ్చిన కొన్ని సంస్థలకు మైదానాన్ని తమ సరుకుల ప్రచారానికి వాడుకోవాలనే ఉద్దేశం ఉండటం షాకు నచ్చలేదు. చివరకు హల్మన్ అంగీకరించాడు. నష్టం రాకుండా ఉంటే చాలునని, ఇండియానాకు పేరు తెచ్చిన సంప్రదాయం నిలవాలని అతని అభిప్రాయం. 1945 నవంబరు 14న సుమారు 7,50,000 డాలర్లకు మైదానం అతని చేతికి వచ్చింది. షా అధ్యక్షుడిగా నియమితుడయ్యాడు. కొద్ది నెలలలోనే మరమ్మతులు పూర్తిచేసి 1946 మే 30న పందెం జరిపించారు.

నిర్వహణ, అభివృద్ధి

1954 అక్టోబరులో షా విమాన ప్రమాదంలో మరణించగా హల్మన్ స్వయంగా అధ్యక్ష బాధ్యతలు చేపట్టాడు. వచ్చిన ఆదాయంలో అధికభాగాన్ని మైదానంపైనే ఖర్చుచేయడం అతని పద్ధతి. చెక్క మెట్ల స్థానంలో ఉక్కు, కాంక్రీటు కట్టడాలు వచ్చాయి. 1956లో మ్యూజియం ప్రారంభమైంది. 1957లో కొత్త నియంత్రణ గోపురాన్ని నిర్మించి, కార్లు ఆగే పిట్ మార్గాన్ని ప్రధాన బాట నుండి వేరుచేశారు. 1961లో మిగిలిన ఇటుకల బాటపై తారు వేయించినప్పుడు, ప్రారంభ రేఖ వద్ద మాత్రం ఒక గజం వెడల్పున పాత ఇటుకలను అలాగే ఉంచారు. 1970లో మొత్తం బహుమతి సొమ్ము మొదటిసారిగా పది లక్షల డాలర్లు దాటింది.

టెలివిజన్ విషయంలో హల్మన్ జాగ్రత్త వహించాడు. 1949, 1950లలో స్థానికంగా జరిగిన ప్రత్యక్ష ప్రసారం ఆ తరువాత నిలిచిపోయింది. ఇంట్లో కూర్చుని చూడగలిగితే టిక్కెట్లు కొనేవారు తగ్గుతారన్నది దీనికి కారణం. రేడియో ప్రసారాన్ని మాత్రం బాగా ప్రోత్సహించారు.

ప్రమాదాలు, భద్రత

హల్మన్ కాలంలో మైదానం అనేక విషాదాలను చూసింది. 1955లో వరుసగా మూడవ విజయం కోసం ముందంజలో ఉన్న బిల్ వుకోవిచ్ ప్రమాదంలో మరణించాడు. అదే ఏడాది ఫ్రాన్సులోని లె మాన్ పందెంలో ఎనభై మందికి పైగా మరణించడంతో, అంతవరకు పందేలను పర్యవేక్షించిన అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ ఆ రంగం నుండి తప్పుకుంది. నియంత్రణ సంస్థ లేకపోతే పందెమే నిలిచిపోయే పరిస్థితి. అప్పుడు యునైటెడ్ స్టేట్స్ ఆటో క్లబ్ ఏర్పాటులో హల్మన్ ముఖ్యపాత్ర వహించాడు.

1960లో ప్రేక్షకులు సొంతంగా కట్టుకున్న మంచె కూలి ఇద్దరు మరణించారు. ఆ తరువాత అటువంటి మంచెలను నిషేధించారు. 1964లో రెండవ చుట్టులోనే మంటలు చెలరేగి ఎడ్డీ సాక్స్, డేవ్ మెక్‌డొనాల్డ్ మరణించారు. దీని ఫలితంగా కార్లు పెట్రోలు నుండి మిథనాల్‌కు మారాయి. 1973లో స్వీడ్ సావేజ్ మరణానికి దారితీసిన ప్రమాదం తరువాత కార్ల ఇంధన ట్యాంకుల పరిమాణాన్ని 75 గాలన్ల నుండి 40 గాలన్లకు తగ్గించారు. ప్రతి ప్రధాన మార్పూ ప్రాణనష్టం జరిగిన తరువాతే రావడం ఆ కాలపు మోటారు పందేల లక్షణం.

ప్రారంభ ఆదేశం

పందెం మొదలయ్యే ముందు ఇంజన్లు స్టార్టు చేయమని డ్రైవర్లను "జెంటిల్‌మెన్" అని సంబోధిస్తూ హల్మన్ ఇచ్చే ఆదేశం ప్రజలలో ఎంతో ప్రసిద్ధి పొందింది. 1977లో జానెట్ గుత్రీ ఈ పందేనికి అర్హత సాధించిన తొలి మహిళ కావడంతో ఆ సంబోధనపై చర్చ జరిగింది. ఇంజన్లను స్టార్టు చేసేది మెకానిక్కులే కనుక మార్పు అక్కరలేదని నిర్వాహకులు వాదించగా, గుత్రీ జట్టు ఆ పనిని ఒక మహిళకే అప్పగించింది. చివరకు హల్మన్ అర్హత పొందిన తొలి మహిళను ప్రత్యేకంగా పేర్కొంటూ ఆదేశమిచ్చాడు. ఆ రోజు ఎ. జె. ఫోయిట్ నాలుగవసారి గెలిచి, ఆ ఘనత సాధించిన తొలి డ్రైవరయ్యాడు. విజయయాత్రలో హల్మన్ అతనితో కలిసి కారులో మైదానం చుట్టివచ్చాడు. అదే హల్మన్ చూసిన చివరి పందెం.

మరణం, వారసత్వం

హల్మన్ 1977 అక్టోబరు 27న తన 76వ యేట మరణించాడు. టెర్రె హోట్‌లోని ఇంజనీరింగు కళాశాలకు ఆయన కుటుంబం చేసిన విరాళాలకు గుర్తుగా దానికి 1971లోనే రోజ్-హల్మన్ అని పేరు పెట్టారు. ఆయన తరువాత జోసెఫ్ క్లౌటియర్ మైదానానికి అధ్యక్షుడయ్యాడు. 1990లో హల్మన్ మనుమడు టోనీ జార్జ్ ఆ పదవి చేపట్టాడు. ఏడు దశాబ్దాలకు పైగా హల్మన్ కుటుంబం చేతిలో ఉన్న మైదానాన్ని రోజర్ పెన్స్కే సంస్థ కొంటున్నట్లు 2019 నవంబరులో ప్రకటించారు. 2020 జనవరిలో కొనుగోలు పూర్తయింది.