చెమ్మకు దారి విడిచిన గోడలు

కోనసీమలో ఇంటికి పునాది తీస్తే ముందు పలకరించేది నీరే. వానాకాలంలో నడుములోతు తవ్వకముందే ఊట వచ్చేస్తుంది. మా తాత తాపీ మేస్త్రి. నేనూ ఆ పని నేర్చుకుని, తర్వాత సైటు సూపర్‌వైజరుగా స్థిరపడ్డాను. అందుకే మా లంకల్లో ఇళ్ల చరిత్ర అంటే నాకు రాజులూ జమీందార్లూ గుర్తుకు రారు. నీటితో గోడ వేసుకున్న లెక్కే గుర్తొస్తుంది.

ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. కాలువలు, బోదెలు ఊరూరికీ పారాయి. డెల్టా కడుపు నిండింది, ఆ మేలు కాదనేవాళ్లు ఈ గడ్డ మీద లేరు. అయితే పొలానికి వచ్చిన నీరు ఇంటి కిందికీ వచ్చింది. కాలువలు వదలగానే బావుల్లో నీళ్లు పైకి లేస్తాయి. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో తప్ప గోడ అడుగున తడి ఆరదు.

ఇటుకలో కంటికి కనపడని సందులుంటాయి. దీపపు వత్తి నూనెను పీల్చినట్టు, ఇటుక ఆ సందుల్లోంచి నేలలోని నీటిని పైకి లాగుతుంది. నీటితోపాటు అందులో కరిగిన ఉప్పూ ఎక్కుతుంది. నీరు ఆరిపోయిన చోట ఉప్పు గడ్డకట్టి, పూతనూ ఇటుకనూ పొడిపొడిగా రాల్చేస్తుంది. గోడకి ఉప్పెక్కిందని మావాళ్లు అనేది దీన్నే.

ఈ సంగతి పాత మేస్త్రులకు బాగా తెలుసు. అందుకే అరుగులు ఎత్తుగా కట్టారు, చూరు బాగా ముందుకు దించారు. మండువాలో పడిన వాన తూములోంచి వీధిలోకి పోయేది. నడిమి ఆకాశం తెరిచే ఉంటుంది కాబట్టి లోపలి గాలి నిలవుండేది కాదు. వంటిల్లు పెరటివైపు విడిగా ఉండేది, గంజి ఆవిరి పడకగదిలోకి వచ్చేది కాదు. బట్టలు దాచే భోషాణం కూడా నేలకు ఆనకుండా కాళ్ల మీద నిలబడేది.

అన్నిటికన్నా పెద్ద రక్షణ గానుగ సున్నం. నేలలో గుండ్రంగా రాతి కాలువ, అందులో దొర్లే రాతి చక్రం, దానికి బిగించిన దూలం, దూలం చివర ఎద్దు. సున్నానికి రాయి దొరకని తీరాల్లో గుల్లలే ఆధారం. కాకినాడ అఖాతంలోనూ పులికాట్‌లోనూ ఏరిన గుల్లల్ని బట్టీలో కాల్చేవారు. కాల్చినదాని మీద నీళ్లు పోస్తే బుసబుసమంటూ పొంగి పొడి అవుతుంది. దాన్ని ఇసుకతో కలిపి గానుగలో వేసి, ఎద్దును గంటల తరబడి తిప్పేవారు. కరక్కాయలు నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు మధ్యమధ్య పోసేవారు. నున్నటి పైపూతకైతే కోడిగుడ్డు తెల్లసొన కలిపేవారు. ముద్దను తాపీతో తీసి తిరగేస్తే జారకుండా అంటుకుని ఉండాలి. అప్పుడుగానీ మేస్త్రి చాలనేవాడు కాదు.

ఈ సున్నం తొందరపడి గట్టిపడదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెలల తరబడి రాయిగా మారుతుంది. రాయయ్యాక కూడా అందులో సన్నని రంధ్రాలు మిగులుతాయి. కిందినుంచి ఎక్కిన తడి వాటిలోంచి ఆవిరై గాలిలో కలిసిపోతుంది. పైన వేసే వెల్ల ఘాటైన క్షారం కాబట్టి, కొత్తగా వేసినన్నాళ్లూ దాని మీద బూజు మొలవదు. భోగికి ముందు ఇల్లంతా వెల్ల వేయడం పండగ ముచ్చటే, కానీ దాని వెనక పనివాడి లెక్క కూడా ఉంది. అక్టోబరు, నవంబరు తుపాన్లు వెళ్లి గోడలు కాస్త ఆరేది అప్పుడే.

తర్వాత సిమెంటు వచ్చింది. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పేటెంటు తీసుకున్న సరుకు అది. మన దేశంలో పోర్‌బందరు ఫ్యాక్టరీ 1914లో ఉత్పత్తి మొదలుపెట్టింది. పల్లెలకు చేరేసరికి ఇంకొన్ని దశాబ్దాలు పట్టింది. 1986 ఆగస్టు గోదావరి వరద, 1996 నవంబరు తుపాను చూశాక మావాళ్లు శ్లాబు ఇల్లే కావాలన్నారు. ప్రాణభయంతో పుట్టిన ఆ కోరికను తప్పుపట్టలేం. తప్పల్లా పాత సున్నం గోడలకు సిమెంటుతో మాట్లు వేయడంలో జరిగింది.

పంటకాలువ పక్కన ఒక మండువా ఇంట్లో ఇది దగ్గరుండి చూశాను. వంటింటి గోడ మోకాలెత్తున ఉప్పు రాలుతోందని సిమెంటు పూత పూశారు. మరుసటి వానలకు తడి ఆ పూత అంచు దాటి పైన కనపడింది. నడుమెత్తుకు పూశారు. తడి కిటికీ దాకా పోయింది. ఈసారి టైల్సు అంటించారు, చెమ్మ కిటికీ పైకెక్కి దూలపు చివర పట్టింది. దారి మూసిన కొద్దీ నీరు ఇంకాస్త పైకి పోయి బయటపడింది, అంతే.

ఇది కోనసీమ గొడవ ఒక్కటే కాదు. హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాల మీద గత శతాబ్దంలో సిమెంటు పూశారు. 2013లో మొదలైన పునరుద్ధరణలో ప్రభుత్వ పురావస్తు శాఖ, ఆగాఖాన్ ట్రస్టు కలిసి ఆ సిమెంటును ఒలిపించి, మళ్లీ సున్నపు గచ్చే వేయించాయి.

కొత్త ఇళ్లలో బూజుకు వేరే కారణాలున్నాయి. తలుపులు బిగించిన ఏసీ గది, దానికి ఆనుకుని బాత్‌రూము, బయటి గోడకు అంటించిన బీరువా. గాలి ఆడని చల్లటి గోడ మీద ఆవిరి చెమ్మగా దిగుతుంది, నల్లటి మచ్చలు బీరువా వెనకే మొదలవుతాయి. బీరువాను జానెడు ముందుకు జరపండి. స్నానమయ్యాక ఎగ్జాస్టు ఫ్యాను కాసేపు తిరగనివ్వండి. వాన ఆగిన పూట కిటికీలు తెరవండి. ఇల్లు కట్టుకునేవాళ్లయితే నేల తడి గోడలోకి ఎక్కకుండా పునాది మీద వేసే డీపీసీ పొర దగ్గర ఖర్చుకు చూడకండి. తర్వాత పెరడు ఎత్తుచేసి మట్టిని ఆ పొర పైదాకా పోయకండి, పోస్తే అది ఉన్నా లేనట్టే.

గోడ చెమ్మెక్కితే రంగుల షాపుకు పరిగెత్తకముందు నీరు ఎక్కడినుంచి వస్తోందో చూడండి. నేలలోంచా, పగిలిన పైపులోంచా, శ్లాబులోంచా, మన గదిలోని ఆవిరిలోంచా అన్నది తేలాకే మందు. తాతలనాటి ఇల్లయితే మాత్రం మారు ఆలోచన వద్దు. సున్నం గోడకు సున్నమే వేయించండి.