సేద్యమునకు రజతకమలము

2013 మే 3వ తేదీన, భారతీయుల మొదటి కథాచిత్రమైన 'రాజా హరిశ్చంద్ర' ప్రేక్షకుల యెదుటికి వచ్చి సరిగా నూరేండ్లు నిండిన దినమున, న్యూఢిల్లీ విజ్ఞానభవనమునందు నాటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ అరువదవ జాతీయ చలనచిత్ర పురస్కారములను ప్రదానము చేసిరి. తారల పేర్లే మారుమ్రోగునట్టి ఆ సభలో, నాటి మన అనంతపురము జిల్లా చెన్నేకొత్తపల్లి ప్రాంతపు మెట్టసేద్యమును గూర్చి రింటూ థామస్, సుష్మిత్ ఘోష్ అను ఇరువురు యువదర్శకులు తీసిన 'టింబక్టు' అను లఘుచిత్రమునకు కూడ రజతకమలము లభించినది. తెలుగుదేశమున ఈ వార్తకు రావలసినంత ప్రచారము రాలేదు. ఆ చిత్రమునకు దక్కిన బహుమానము 'వ్యవసాయముతో సహా ఉత్తమ పర్యావరణచిత్రము' అనునది. మన దేశపు శ్రామికులలో సుమారు సగముమంది నేటికిని నమ్ముకొనియున్న వృత్తికి జాతీయ పురస్కారములలో తనదైన పీఠము లేక, వేరొక విషయమునకు అనుబంధముగా మాత్రమే చోటు దొరకినదన్నమాట. సేద్యమును గూర్చిన చిత్రములు ఏయే కాలములయందు ఏయే ద్వారములగుండ ఈ గౌరవమందిరమును ప్రవేశించినవో విచారించినచో, స్వతంత్రభారతము తన రైతును ఏయే విధముల చూచినదో కొంతవరకు బోధపడును.

చలనచిత్రములకు ప్రభుత్వ బహుమానము లిచ్చు ఆచారము 1954లో, అంతకు ముందటి సంవత్సరపు చిత్రములతో ఆరంభమైనది. మొదటి యేటనే వృత్తచిత్రమునకు కూడ రాష్ట్రపతి స్వర్ణపతక మేర్పాటు చేయుట ఆనాటి పెద్దల దూరదృష్టికి నిదర్శనము. అది జగత్ మురారి తీసిన 'మహాబలిపురం' చిత్రమునకు లభించెను. తరువాతి సంవత్సరములలో ఆ పతకమును పొందినవానిలో 'స్పిరిట్ ఆఫ్ ది లూమ్', 'రాధాకృష్ణ', 'కథకళి' అనునవి కలవు. శిల్పము, మగ్గము, వర్ణచిత్రము, నృత్యము: క్రొత్తగా స్వాతంత్ర్యమును పొందిన జాతి తన ప్రాచీన వైభవమును తాను మరల కన్నులార చూచుకొనవలెనని తహతహలాడిన కాలమది. ఆ తహతహ న్యాయమైనదే. కాని వేయియేండ్లనాటి శిల్పికి దక్కిన మన్నన, ఆనాడు ఆ శిల్పముల చేరువనే మడి దున్నుచున్నవానికి దక్కుటకు చాలకాలము పట్టినది.

రైతు వెండితెరమీద లేకపోలేదు. 1948లో ఏర్పడిన ఫిలిమ్స్ డివిజన్ తీసిన వార్తాచిత్రములను, వృత్తచిత్రములను దేశమందలి ప్రతి సినిమాహాలును విధిగా ప్రదర్శింపవలసియుండెను. అవి తెలుగుతో సహా అనేక భాషల వ్యాఖ్యానములతో వెలువడెడివి. 1952 అక్టోబరు 2న సమాజవికాస పథకము మొదలైన పిదప, జపాను పద్ధతి వరిసాగు, మేలురకపు విత్తనములు, రసాయనిక ఎరువులు, క్రొత్త ఆనకట్టలు మొదలగు విషయములపై ప్రచారము ఊరూరికి ప్రాకినది. తెరగట్టి బొమ్మలు చూపు ప్రచారశకటములు సినిమాహాలు లేని పల్లెలకు సైతము పోయినవి. ఈ చిత్రములలో రైతు కనుపించును గాని, మాటలాడడు. గంభీరమైన కంఠమొకటి పైనుండి పలుకుచుండగా అతడు తల యూచి, చెప్పినట్లు నాటి, చెప్పినట్లు చల్లి, చివరకు నిండిన గాదె ప్రక్క నిలిచి చిరునవ్వు నవ్వును. ఆకలితో అల్లాడిన దేశమునకు ధాన్యము పండింపవలసిన తొందర యుండెను గనుక ఈ బోధనాధోరణిని నేను నిందింపను. అయినను, తరతరములుగా మట్టిని చేతితో నలిపి, వాసన చూచి పదును తెలిసికొను మనిషిని కేవలము శిష్యుని పీటపై కూర్చుండబెట్టుటలో ఒక పెద్ద లోపము కలదు. చెప్పువాడు వినుట మరచిపోవుటయే ఆ లోపము.

ఈ ధోరణినుండి తప్పుకొని రైతును ఒక సంపూర్ణ మానవునిగా చూచిన అరుదైన చిత్రము ఫాలీ బిలిమోరియా దర్శకత్వమున ఫిలిమ్స్ డివిజన్ నుండియే వచ్చినది. 'ది హౌస్ దట్ ఆనంద బిల్ట్' అను ఆ చిత్రమున ఒడిశా పల్లెలోని ఒక రైతును, అతని యింటినుండి నలుదిక్కులకు తరలిపోయి వేర్వేరు వృత్తులలో కుదురుకొన్న సంతానమును చూతుము. అది 1968వ సంవత్సరపు చిత్రములలో ఆస్కార్ పురస్కారమునకు ప్రతిపాదితమైనది. అదే దశకమున, 1967 జనవరి 26న, దూరదర్శనములో 'కృషిదర్శన్' ఢిల్లీ చుట్టుప్రక్కల 80 గ్రామములకై ప్రారంభమాయెను. 1975 ఆగస్టు మొదలు ఏడాదిపాటు ఉపగ్రహమునుండి సూటిగా ఆంధ్రప్రదేశముతో సహా ఆరు రాష్ట్రములలోని 2400 గ్రామములకు కార్యక్రమములు ప్రసారమైనవి. బోధించు సాధనములు మాత్రము మారుచు వచ్చినవి.

1980వ దశకమున కథేతర చిత్రముల బహుమానములను విషయవిభాగముల వారీగా విస్తరించినప్పుడు, వ్యవసాయచిత్రమునకు ప్రత్యేకముగా ఒక పురస్కార మేర్పడినది. సేద్యమునకు తన పేరిట తెరచిన ద్వారమది. తరువాత దానిని పర్యావరణ విభాగమున కలిపివేసిరి. నేలకు, నీటికి, అడవికి సేద్యముతో గల చుట్టరికము కాదనరానిది గనుక ఈ కలయిక పైకి సమంజసముగనే తోచును. కాని పంటకు పెట్టుబడి యున్నది, అప్పున్నది, వడ్డీ యున్నది, మార్కెట్టుయార్డులో పలుకు ధర యున్నది, కౌలు కాగితము లేని కౌలుదారున్నాడు. పులినో పక్షినో గూర్చిన సుందరచిత్రముతో ఒకే వరుసలో నిలువబడినప్పుడు ఈ దుఃఖములు న్యాయనిర్ణేతల మనస్సునకు ఎంత తట్టును?

కనుకనే కాబోలు, ఇటీవలి సేద్యచిత్రములలో మిక్కిలి తీవ్రమైనవి వేరొక ద్వారమున వచ్చినవి. కె.ఆర్. మనోజ్ తీసిన 'ఎ పెస్టరింగ్ జర్నీ' 58వ పురస్కారములలో ఉత్తమ పరిశోధనాత్మక చిత్రముగా ఎన్నికైనది. పంజాబు పత్తిప్రాంతమున క్యాన్సరు సోకి బఠిండానుండి బికనేరు వైద్యశాలకు రైలెక్కు జనమును, కేరళలోని కాసరగోడు జీడితోటలపై హెలికాప్టర్లనుండి ఏండ్ల తరబడి చల్లిన ఎండోసల్ఫాన్ పురుగుమందు మిగిల్చిన వైకల్యములను ఈ చిత్రము ఒక్క త్రాట కట్టి చూపినది. 2011 మే 13న సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను దేశమంతట నిలిపివేసెను. అదే మాసమున ఈ పురస్కారము ప్రకటితమైనది. ఆ మరుసటి యేటి పురస్కారములలో అదే విభాగమున నందన్ సక్సేనా, కవితా బహల్ తీసిన 'కాటన్ ఫర్ మై ష్రౌడ్' గెలిచినది. విదర్భ పత్తిరైతుల ఆత్మహత్యలు, జన్యుమార్పిడి చేసిన బీటీ విత్తనములు, అప్పులు అందలి విషయము. అన్నము పెట్టువాని కథను చెప్పుటకు నేరపరిశోధనకు తగిన విభాగము అవసరమైనదనగా ఈ దేశపు సేద్యమునకు పట్టిన గతి తేటతెల్లమగుచున్నది. 1997–98లో వరంగల్లు జిల్లాలో లద్దెపురుగు పత్తిని తినివేయగా, ఎన్ని మందులు కొట్టినను చావక, ఆ మందునే త్రాగి ప్రాణములు విడిచిన రైతుల ఇండ్లను ఎరిగిన తెలుగువారికి విదర్భ పరదేశము కాదు.

'టింబక్టు' ఇట్టి చిత్రముల తోబుట్టువే యైనను దాని స్వరము వేరు. 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం మొదలగువారు చెన్నేకొత్తపల్లి చేరువ 32 ఎకరముల బీడు కొని, దానిని చిగురింపజేయ బూనిరి; చిత్రమునకు పేరిచ్చిన టింబక్టు అదియే. దేశమున అత్యల్ప వర్షపాతముగల ప్రాంతములలో నొకటియైన అనంతపురమున, ఒక్క వేరుసెనగనే నమ్ముకొని, వాన తప్పిన ప్రతియేట అప్పులపాలగుచుండిన రైతులకు కొర్ర, సామ, ఆరిక, జొన్న, కంది వంటి పాత పంటలను కలిపి వేయుట మరల అలవడినది. పేడ, పంచితములతో కషాయములు కాచుకొనిరి. కొండలపై గడ్డిని, చెట్లను అగ్గినుండి కాపాడిరి. తమ పంటను తామే శుద్ధిచేసి అమ్ముకొనుటకు 'ధరణి' అను సహకార సంఘమును నెలకొల్పుకొనిరి. ఈ చిత్రము యొక్క గొప్పతనము వీరి విజయమును చాటుటలో కాక, తినుటకేమి పండింపవలెనో తామే నిర్ణయించుకొను హక్కు రైతుకుటుంబమునకు కలదని వారి జీవనము ద్వారానే తెలుపుటలో నున్నది. ఏబది యేండ్లు పైనుండి పలికిన కంఠమునకు ఇది నేలనుండి వచ్చిన సమాధానము. ఆ దర్శకులిరువురే పిమ్మట 'రైటింగ్ విత్ ఫైర్' తీసి ఆస్కార్ ప్రతిపాదన పొందిరి.

ఇంతకంటెను ఒక అడుగు ముందుకు వేసినవారు జహీరాబాదు ప్రాంతపు దళిత స్త్రీలు. పస్తాపురమందలి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ నీడన వీరు స్వయముగా కెమెరా పట్టుట నేర్చి, వరంగల్లు జిల్లా పత్తిచేలలోనికి పోయి, ఏటికేడు బీటీ పంటను, దాని రాబడిని, రైతుల మాటలను చిత్రించిరి. మూడేండ్ల ఆ సాధనతో 2005లో వెలువడిన వారి చిత్రము బీటీ పత్తిని మూడేండ్ల మోసమని శీర్షికయందే చాటినది. ఆ యేడే కేంద్రప్రభుత్వపు అనుమతిసంఘము ఆంధ్రప్రదేశమున మూడు బీటీ సంకరరకములకు అనుమతి కొనసాగింప నిరాకరించెను. కలుపు తీయు చేతులతోనే కెమెరాను పట్టిన ఇట్టి చిత్రకారిణులను గుర్తింపగల విభాగము మన జాతీయ పురస్కారములలో ఎన్నడును లేదు, ఉండవలసినది.

ఇటీవల పురస్కార విభాగములను కుదించి సవరించిరి. 2024లో ప్రకటింపబడిన 70వ పురస్కారములనుండి ఇట్టి విషయములకు 'సామాజిక, పర్యావరణ విలువలను పెంపొందించు ఉత్తమ కథేతర చిత్రము' అను ఒక్క విభాగమే నిలిచినది. వ్యవసాయమను మాట శీర్షికలో సైతము మిగులలేదు. విభాగములు తక్కువైన కొలది బహుమానమునకు విలువ హెచ్చునను వాదము నేనెరుగుదును. కాని వ్యవసాయచిత్రమునకు వేరుగా ఒక రజతకమలమును మరల ఏర్పాటు చేయవలెను. ఆ న్యాయనిర్ణేతలలో నిజముగా దున్ని విత్తువారు, అందును ఒక స్త్రీ తప్పక, ఉండవలెను. గెలిచిన చిత్రమును ఢిల్లీ సభతో సరిపుచ్చక, అది తీయబడిన జిల్లాలోని మార్కెట్టుయార్డులలో, రైతుసేవాకేంద్రములలో, ఆ రైతుల భాషలోనే ప్రదర్శింపవలెను. ఒకనాడు ప్రతి సినిమాహాలులోను ప్రభుత్వచిత్రమును విధిగా చూపించిన దేశమునకు ఇది శక్తికి మించిన పని కానేరదు.