నల్ల శుక్రవారము

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబూనినట్లని మన సామెత. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమునకు 1939లో ఇది అనుభవమయ్యెను.

జనవరి అచట నడివేసవి. దీర్ఘమైన అనావృష్టిచే అడవులు ఎండి యుండెను. పచ్చికకై పశుపోషకులును, నేల బాగుచేయుటకై రైతులును పెట్టిన నిప్పులు పలు తావుల ఆరక రగులుచుండెను. జనవరి 13వ తేదీ శుక్రవారమున మెల్‌బోర్న్ నగరములో ఉష్ణోగ్రత 45.6 డిగ్రీల సెంటిగ్రేడునకు చేరెను. ఉత్తరపు వడగాలి చెలరేగెను. విడివిడిగా నున్న మంటలు ఏకమై కొండలపై పరుగిడెను. ఆ మంటలలో 71 మంది మరణించిరి. నూజీ వంటి గ్రామములు బూడిదయ్యెను.

అడవి నడుమ కోతమిల్లులలో పనిచేయువారికి పారిపోవ దారి లేకుండెను. నేలలో త్రవ్వియుంచిన గుహలలో దూరి, తడిపిన కంబళ్లను వాకిట వ్రేలాడదీసి, కొందరు బ్రతికిరి. పెక్కు మిల్లుల వద్ద అట్టి గుహలే లేకుండెను.

ఈ విపత్తు దైవికము కాదనియు, మనుష్యుల అజాగ్రత్తయే దీనికి మూలమనియు విచారణ జరిపిన న్యాయమూర్తి స్ట్రెటన్ తేల్చెను. అయినను 1944లో మరల మంటలు చెలరేగిన పిదపనే, 1945లో, గ్రామసీమలకు ప్రత్యేకముగా అగ్నిమాపక సంస్థ ఏర్పడెను.

ఇండ్లను కాల్చునది తరచుగా ఎదుటి మంట కాదు. దానికి ముందే గాలిలో ఎగిరివచ్చు నిప్పురవ్వ. చూరుసందులలోను, కప్పు కాలువలలోని ఎండుటాకులలోను పడి అది రాజుకొనును. కావున ఆకులు తీయుట, సందులు మూయుట, ఇంటిచుట్టు పొదలు కొట్టుట వేసవికి ముందే చేయవలసిన పనులు.

ఇంత తెలిసియు 2009 ఫిబ్రవరి 7న అచ్చటనే 173 మంది మరణించిరి. వారిలో పెక్కుమంది ఇండ్లలోనే. మిక్కిలి భయంకరమైన దినములలో ఇంటిని విడిచి ముందుగా వెడలిపోవుటయే క్షేమమని నాటినుండి అధికారులు బోధించుచున్నారు. ఇల్లు మరల కట్టుకొనవచ్చును.