విశ్రాంతి వయస్సులో పరదేశ నివాసము: ఒక చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతము

దోమలగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ ప్రాంతములలో పరిచర్య చేయు సేవకులకు ఒక అనుభవము సామాన్యము. ప్రార్థన కూడికలో విన్నపములు అడిగినప్పుడు స్వస్థత కొరకు, ఉద్యోగము కొరకు అడుగువారితో పాటు వీసా కొరకు అడుగువారు కూడ తప్పక ఉంటారు. పూర్వము ఆ విన్నపము పిల్లల కొరకు ఉండేది. ఇప్పుడు అది అరువది, డెబ్బది యేండ్లు దాటిన తలిదండ్రుల కొరకు కూడ.

కొన్ని సంవత్సరముల క్రితము మా సంఘములోని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు భార్యతో కలిసి న్యూజెర్సీలోని కుమారుని యింటికి శాశ్వతముగా వెళ్లారు. ముప్పది యేండ్లకు పైగా సండే స్కూలు నడిపిన మనిషి. మేము వీడ్కోలు సభ పెట్టాము, శాలువా కప్పాము, ప్రార్థన చేశాము, ఫోటో దిగాము. అంతటితో మా బాధ్యత తీరినదనుకొన్నాము. ఎనిమిది నెలల తరువాత ఆయన ఫోను చేశారు. "అయ్యగారూ, ఇక్కడ అన్నీ ఉన్నాయి. పిల్లలు బాగా చూసుకుంటున్నారు. కాని నాకు పని లేదు. మాస్టారూ అని పిలిచేవాళ్లు లేరు. ఇక్కడ నేను మా అబ్బాయికి నాన్నను, అంతే" అన్నారు. మేము ఫోనులోనే ప్రార్థన చేసి పెట్టేశాము. మూడవ చలికాలములో ఆయన అక్కడే ప్రభునందు నిద్రించారు.

ఆ ఫోను మమ్మును విడువలేదు. విశ్రాంతి వయస్సులో పరదేశము ఎవరికి ఇల్లయినది? ఎవరికి కాలేదు? ఈ ప్రశ్నతో లేఖనములను, మన తెలుగు సంఘ చరిత్రను చదివినప్పుడు మాకు తోచిన సంగతులను ఈ వ్యాసములో పాఠకుల ముందుంచుచున్నాము.

2. లేఖనములలో ఇద్దరు వృద్ధులు

మొదటివాడు యాకోబు. నూట ముప్పది యేండ్ల వయస్సులో కుమారుని పిలుపు మీద ఐగుప్తుకు వెళ్లాడు. నేటి మాటలలో చెప్పాలంటే, విదేశములో పెద్ద ఉద్యోగములో ఉన్న కుమారుడు తండ్రిని పిలిపించుకొన్నాడు. అక్కడ ఆయన పదునేడు సంవత్సరములు బ్రదికాడు (ఆది 47:28). ఆయన ఆ కాలమును ఎట్లు గడిపెనో మనము సాధారణముగా గమనించము. ఆయనకు గోషెనులో తనవారి మధ్య నివాసము దొరికినది. కుటుంబము తాను ఎరిగిన మందల పనినే కొనసాగించినది. అంతకంటె ముఖ్యమైనది, ఆయన ఫరో ఎదుట నిలిచినప్పుడు చేతులు చాచి అడుగలేదు, ఫరోను దీవించాడు (ఆది 47:7, 10). తరువాత మనుమలను దీవించాడు. చివరి వరకు ఇచ్చువాడుగానే ఉన్నాడు. అయినను తన సమాధి ఐగుప్తులో ఉండకూడదని యోసేపు చేత ప్రమాణము చేయించుకొన్నాడు.

రెండవవాడు గిలాదీయుడైన బర్జిల్లయి. ఎనుబది యేండ్లవాడు. దావీదు రాజు తనతో యెరూషలేమునకు రమ్మని, అక్కడ పోషించెదనని పిలిచాడు. ఆయన మర్యాదగా కాదన్నాడు. రుచి తెలియని, పాట వినబడని వయస్సులో రాజునకు భారము కానేల అని, తన తలిదండ్రుల సమాధి యొద్దనే చనిపోవుటకు సెలవడిగి, కింహామును తనకు బదులుగా పంపాడు (2 సమూ 19:31-39).

లేఖనము ఈ ఇద్దరిలో ఎవరినీ తప్పు పట్టలేదు. కాబట్టి వెళ్లువారిని లోకాశ గలవారని, ఉండిపోవువారిని విశ్వాసము లేనివారని ప్రసంగ వేదిక మీద నుండి తీర్పు తీర్చుట సరికాదు.

3. సముద్రము దాటిన ఇద్దరు

మన చరిత్రలో మొదట ఈ ప్రశ్న ఎదుర్కొన్నవారు ఇక్కడికి వచ్చిన దొరలే. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ అక్కడ పేరు పొందిన దైవజనుడు. 1817లో మద్రాసుకు ఉద్యోగమునకు వచ్చి, 1820లో కడప చేరి, వేమన పద్యములను, కావ్యములను సేకరించి, పండితుల సహాయముతో పరిష్కరింపజేసి, నిఘంటువులు కూర్చారు. 1855లో విశ్రాంతి పొంది ఇంగ్లాండు వెళ్లారు. లోకము దృష్టిలో అది స్వదేశమునకు తిరిగి పోవుట. కాని భారతదేశములో పుట్టి, జీవితములో ఎక్కువ భాగము ఇక్కడనే గడిపిన మనిషికి లండను ఎంత మాత్రము స్వదేశము? 1884లో మరణించువరకు, దాదాపు ముప్పది యేండ్లు ఆయన అక్కడే ఉన్నారు. ఆ కాలములో లండను యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యులుగా పని చేశారు. తాను ప్రేమించిన పని ఆయనతో పాటు ఓడ ఎక్కినది.

రెండవవారు లూథరన్ మిషనెరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. జర్మనీలో 1793లో పుట్టి, అమెరికాకు వలస వెళ్లి, 1842లో గుంటూరు వచ్చారు. 1857లో అమెరికాకు మరలిపోయారు. అందరూ విశ్రమించు వయస్సు అది. అయితే రాజమండ్రి మిషనును అమెరికా లూథరన్లు వేరొక మిషనుకు అప్పగింపబోవుచున్నారని తెలిసినప్పుడు, నేనే వెళ్లెదనని లేచారు. 1869లో డెబ్బది ఆరేండ్ల వయస్సులో మరల ఓడ ఎక్కి రాజమండ్రి చేరారు. పని నిలబడిన తరువాత 1871లో తిరిగి వెళ్లి, ఫిలడెల్ఫియా వేదాంత పాఠశాలలో చాప్లెయినుగా విద్యార్థుల మధ్య శేష జీవితము గడిపి, 1873లో మహిమలో ప్రవేశించారు.

వీరిద్దరి దేశములు, పనులు వేరు. కాని ఇద్దరి వృద్ధాప్యములోను ఒక సంగతి సమానము. ఉద్యోగము ముగిసినది గాని పిలుపు ముగియలేదు. వారి చుట్టూ నేర్చుకొనువారు ఉన్నారు.

4. నేటాలు నుండి వచ్చిన పిలుపు

దొరలకు మిషను బోర్డులు, పింఛనులు ఉండేవి. మన ప్రజలకు అవి లేవు. 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసు నుండి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరినది. నేటాలు చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా పోయిన మొదటి జట్టు అది. తరువాతి సంవత్సరములలో తెలుగు జిల్లాల నుండి అనేకులు ఆ మార్గమున వెళ్లారు. ఒప్పందము ఐదేండ్లు. గడువు తీరిన పిమ్మట తిరిగి వచ్చిన వారున్నారు, అక్కడే ఉండిపోయి ముసలివారైన వారున్నారు. వారిలో బాప్టిస్టు విశ్వాసులు కూడ ఉన్నారు. వాక్యము చెప్పుటకు తెలుగు కాపరి లేడు. వారు ఇక్కడి సంఘములకు మొర పెట్టారు.

1903లో తెలుగు బాప్టిస్టు సంఘముల స్వదేశ మిషనెరీ సొసైటీ జాన్ రంగయ్యగారిని నేటాలుకు పంపినది. ఆ సంవత్సరమే కియర్స్‌నీ తేయాకు తోట వద్ద తెలుగు బాప్టిస్టు సంఘము ఏర్పడినది. రంగయ్యగారు 1915లో అక్కడే మరణించారు. సెమినరీ విద్యార్థులు ఈ సంగతిని రెండుసార్లు చదువవలెను. బీద తెలుగు సంఘములు తమ కానుకలతో సముద్రము అవతలికి ఒక కాపరిని పంపాయి. వెళ్లిపోయినవారు మనవారు కారని అనలేదు. విమానములు, ఫోనులు ఉన్న మేము ఒక శాలువాతో సరిపెట్టుకొన్నాము.

5. అమెరికా: చట్టము, దినచర్య

నేటి వలసకు తలుపు తెరచినది 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకము చేసిన వలస చట్టము. ఇరువది యొక్క యేండ్లు నిండిన అమెరికా పౌరుడు తన తలిదండ్రులను సంఖ్యా పరిమితి లేకుండ పిలిపించుకొనవచ్చునని అది నిర్ణయించినది. మొదట డాక్టర్లు, ఇంజనీర్లు, 1990ల తరువాత కంప్యూటర్ నిపుణులు వెళ్లారు. వారు పౌరులైన తరువాత తలిదండ్రుల వంతు వచ్చినది. పూర్వము మనవారు అమెరికా వీసా కొరకు మద్రాసు వెళ్లవలసి వచ్చేది. 2009 నుండి హైదరాబాదులోనే ఆ సౌకర్యము కలిగినది. 2006 జనవరిలో మన నగరములోనే జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో ప్రధాని మన్మోహన్ సింగ్ మొదటి ఓసీఐ కార్డులను ఇచ్చారు. విదేశీ పౌరసత్వము తీసుకొన్నవారు దానితో జీవితాంతము రాకపోకలు సాగించవచ్చును గాని, ఓటు వేయుటకు, వ్యవసాయ భూమి కొనుటకు వీలు లేదు.

కాగితముల మీద ఇది సులభముగా కనబడును. దినచర్య వేరు. వైద్యము విషయమే చూడండి. అమెరికాలో పని చేయని వృద్ధునికి మెడికేర్ కావలెనంటే వయస్సు 65 నిండియుండవలెను, శాశ్వత నివాసిగా ఐదేండ్లు ఎడతెగక ఉండవలెను. అప్పుడును నెలనెల రుసుము చెల్లించి కొనుక్కొనవలెను. అంతవరకు ప్రైవేటు బీమా భారము పిల్లలదే. 1996 నాటి చట్టము కొత్తగా వచ్చిన వలసదారులకు ప్రభుత్వ సహాయమును బాగా తగ్గించినది. తలిదండ్రులను పోషించెదనని కుమారుడు సంతకము చేసిన హామీ పత్రము చట్టబద్ధమైన బాధ్యత. గ్రీన్ కార్డు గలవారు ముందుగా అనుమతి తీసుకొనక సంవత్సరమునకు మించి ఇక్కడ ఉండిపోయినచో ఆ కార్డుకే చిక్కు. ఇక్కడి పింఛనుకు ఏటేట బ్రదికియున్నట్లు రుజువు పంపవలెను. 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్ ఈ పనిని కొంత తేలిక చేసినది.

వీటికంటె బరువైనవి చిన్న సంగతులు. ఇందిరా పార్కులో ప్రొద్దున నడచునప్పుడు పది మంది పలుకరించుట, చిక్కడపల్లి కూరగాయల బండి యొద్ద బేరమాడుట, ఎవరిని అడుగకుండ ఆటో ఎక్కి గుడికి వెళ్లుట. కారు నడపలేని వృద్ధునికి అమెరికా శివారు ప్రాంతములో ఇవేవీ లేవు. ఆదివారము గుడికి పోవలెనన్నా కుమారుని తీరిక చూడవలెను. మనుమలు చెప్పు ఇంగ్లీషు వీరికి అందదు, వీరి తెలుగు వారికి అందదు. యాకోబుకు దొరికిన గోషెను అందరికి దొరకదు.

6. మన వీధిలోని సాక్ష్యము

పరదేశి వృద్ధాప్యమును సంఘము ఎట్లు మోయవలెనో తెలిసికొనుటకు మనము అమెరికా వరకు పోనక్కరలేదు. బక్త్ సింగ్‌గారు 1903లో పంజాబులో సిక్కు కుటుంబములో పుట్టారు. చదువు నిమిత్తము 1926లో లండనుకు, 1929లో కెనడాకు వెళ్లి, 1932లో వాంకూవరులో బాప్తిస్మము పొంది, 1933లో తిరిగి వచ్చారు. తెలుగు ఆయన మాతృభాష కాదు. అయినను ఆయన చివరి దినములు గడచినది మన ముషీరాబాదు గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోనులోనే. పార్కిన్సన్స్ వ్యాధితో మంచము పట్టిన సంవత్సరములలో ఆయనకు పరిచర్య చేసినవారు రక్త సంబంధులు కారు, సంఘస్థులు. 2000 సెప్టెంబరు 17న ఆయన ప్రభువు సన్నిధికి వెళ్లారు. నారాయణగూడ క్రైస్తవ సమాధుల తోటలో ఆయన దేహము ఉన్నది. దోమలగూడ నుండి అది నడచి పోగల దూరము. పంజాబు మనిషికి ఈ వీధులు ఇల్లయినవంటే, అందుకు కారణము ఆయనను తనవానిగా ఎంచుకొన్న సంఘము.

7. ముగింపు: సంఘము చేయవలసినది

పై చరిత్ర అంతటిలో మాకు కనబడిన సత్యము ఒక్కటే. వృద్ధునికి పరదేశమును ఇల్లుగా చేయునది సౌకర్యము కాదు. చేయుటకు ఒక పని, పేరు పెట్టి పిలుచు ఒక సహవాసము. పోషింపబడుట మాత్రమే మిగిలినప్పుడు మంచి కుమారుని యింటిలో కూడ మనిషి అతిథిగానే ఉండిపోవును.

కాబట్టి తోటి సేవకులకు మా మనవి ఇది. టికెట్టు కొనకముందే పెద్దలతో కూర్చుని యాకోబు, బర్జిల్లయి ఇద్దరి సంగతులు చదవండి. వెళ్లకుండుట కూడ విశ్వాసమేనని చెప్పండి. వైద్య బీమా, పింఛను, ఇక్కడి యిల్లు, చివరకు సమాధి గూర్చి కూడ పిల్లల ఎదుట మాట్లాడించండి. వెళ్లువారికి సభ్యత్వ బదిలీ పత్రము ఇచ్చి ఊరకొనక, అక్కడి కాపరికి స్వయముగా వ్రాయండి: ఈయన సండే స్కూలు నడిపినవాడు, ఈమె స్త్రీల కూడిక నడిపినది, వీరికి పని ఇవ్వండి అని. వెళ్లిన మొదటి సంవత్సరము నెలకొకసారి ఫోను చేయుటకు ఒక సంఘ పెద్దను నియమించండి. ఇక్కడి పిల్లలకు వారముకొక కథను ఫోనులో చెప్పుమని ఆ వృద్ధునే అడుగవచ్చును.

మా మాస్టారికి మేము ఇవేమియు చేయలేదు. ఆయన ఫోను చేసినప్పుడు ఆయన అడిగినది ప్రార్థన మాత్రమే కాదని ఇప్పుడు మాకు తెలియును. ఆయన విధవరాలు నిరుడు సెలవులకు వచ్చినప్పుడు మా గుడిలో సండే స్కూలు గదిని చూచి, భర్త వాడిన పాత హాజరు పుస్తకమును అడిగి తీసుకొన్నారు. న్యూజెర్సీలో తెలుగు పిల్లలు కొందరు శనివారము తన యొద్దకు తెలుగు చదువుకొనుటకు వచ్చుచున్నారని, వారి పేర్లు అందులో వ్రాసికొనెదనని చెప్పారు. ఆ పుస్తకముతో పాటు ఈసారి అక్కడి కాపరికి ఒక ఉత్తరము కూడ ఇచ్చి పంపాము.